ఓడిపోయేవాడి తుపాకీ

జూన్ 3, 2001

మళ్ళీ గాలే. వాన జాడ లేదు. షాపు రేకులు పొద్దుటినుంచీ టపటపా కొట్టుకుంటున్నాయి. కళ్ళల్లో దుమ్ము, సంగట్లో దుమ్ము.

ఓబులేసు వచ్చాడు. నా ఒక్కగానొక్క తమ్ముడు. ఊరి నాయకుడు శేషన్న వెంట తిరగడం మొదలుపెట్టాక నా గడప తొక్కడమే తగ్గించాడు. అలాంటిది పిలవకుండానే వచ్చి, కూర్చుని, సంగటి పెట్టించుకుని, "ఊరిబిండి బాగుండాదక్కా" అన్నాడు. వాడు నా వంట మెచ్చుకున్నాడంటే వెనకాల ఏదో ఉన్నట్టే.

తిన్నాక షాపులోకి పోయి మా ఆయనతో గుసగుసలు. నేను మజ్జిగ తీసుకుపోయేసరికి ఇద్దరూ నోళ్ళు మూశారు.

"ఏందప్పా, నేనొస్తే ఆపేసినారు?"

"ఏం ల్యాక్కా... బోరు పైపుల గురించి."

బోరు పైపుల గురించి గుసగుసలాడేవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా.

జూన్ 4

ఆయన చెప్పలేదు. నేనే చెప్పించాను.

శేషన్నకు తుపాకులు కావాలంట. నాటు తుపాకులు. ఎండిపోయిన బోర్లలోంచి పీకిన పైపులు శేషన్న తోటలో కుప్పగా పడున్నాయి. వాటితో చేసిమ్మని. ఈయన మిలిటరీ వర్క్‌షాపులో తుపాకులు బాగుచేసి వచ్చినవాడు కదా. ఈ రోడ్డు క్రాసులో గేట్లూ కిటికీ గ్రిల్లులూ చేసుకుంటూ కూర్చుంటే జనం ఆ సంగతి మరిచిపోయారనుకున్నాను. "మిలిటరీ శీనప్ప" అని పిలిచేవాళ్ళు ఎట్లా మరిచిపోతారు?

"నువ్వేమంటివి?" అన్నాను.

"ఆలోచన చేస్తా అంటి."

"ఏం ఆలోచన?"

షాపుకు కరెంటు లైను వేయించింది శేషన్న. అది ఆయన మనసులో ఉంది. నాకు తెలుసు.

"స్తంభం పాతించినందుకు మనిషిని సంపే ఇనుం చేసియ్యాల్నా?"

చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. ముద్ద సగం అట్లాగే.

జూన్ 6

టీ బంకు మాబు దగ్గర విన్న మాట - శేషన్న గన్‌మెన్‌ను తీసేశారు. పార్టీ కూడా ఈసారి ఆయన ముఖం చూడదంట.

ఒకప్పుడు ఆయన జీపు వస్తే జనం సైకిళ్ళు దిగి నిలబడేవాళ్ళు. ఇప్పుడు రోజుకొకరు అటుపక్కకు, నరసప్ప దగ్గరికి జారుకుంటున్నారు. భూములున్నవాళ్ళు, లారీలున్నవాళ్ళు ముందు పోయారు. మిగిలింది మా ఓబులేసు లాంటివాళ్ళు. ఎక్కడికీ పోలేనివాళ్ళు, పోవాలని తోచనివాళ్ళు. పంచాయితీ ఎన్నికలు వస్తున్నాయి. ఊరు చేజారితే శేషన్న కథ అయిపోయినట్టే.

అందుకా తుపాకులు!

జూన్ 9

ఓబులేసు మళ్ళీ. ఈసారి నేను లోపలికి పోలేదు. షాపు మధ్యలోనే పీట వేసుకుని చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నా. పొమ్మనే ధైర్యం ఇద్దరికీ లేదు.

"బావా, అన్న అడగమన్నాడు. అవుతాదా, కాదా?"

ఆయన గ్రైండరు ఆపాడు. కళ్ళద్దాలు తీసి చొక్కాతో తుడుచుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు.

"మా వర్క్‌షాపులో ఒక అద్దాల బీరువా ఉండె ఓబులేసూ. పాతకాలం తుపాకులన్నీ పెట్టినారు దాంట్లో. ఒకటుండె... యూరోపులో పెద్ద యుద్ధమప్పుడు, ఆఖర్లో, ఓడిపోతాండే దేశం చేసింది. చూస్తే నగుబాటు. కట్టెను నున్నగా కూడా చేయలా. ఇనుం మింద ఆకురాయి గీతలు అట్లనే ఉండాయి. భుజానికేసుకొనే పటకా తగిలించే కాడ ఉత్త మేకు కొట్టి వంచినారు."

"పేల్తాదా పేలదా, అది చెప్పు."

"పేల్తాది. ముందుకు పేల్తాదో వెనక్కి పేల్తాదో దానికే తెలీదు. మంచివి చేసేకి ఇనుం ల్యా, కట్టె ల్యా, టైము ల్యా. అయినా చేసినారు. చేసి ఎవురికిచ్చినారనుకుంటావ్? ముసిలోళ్ళకు. బడికి పోయే పిల్లోళ్ళకు. పోండి, కొట్లాడండి అని. ఆ మాట చెప్పినోడు యాడుండాడు? నేల కింద దాక్కోనుండాడు."

"మా అన్న అట్లాటోడు కాదు."

"గెలిసేవోడు తుపాకులు కొంటాడప్పా. ఓడిపోయేవోడు చేపిస్తాడు."

ఓబులేసు ముఖం మాడిపోయింది. లేచి, చెప్పులు వేసుకుంటూ నావైపు చూశాడు, నేనేదో సర్దిచెబుతానని. నేను గింజలు తీస్తూనే ఉన్నా.

ఈ మనిషి ఒక్క ఊపులో ఇన్ని మాటలు మాట్లాడటం పెళ్ళయ్యాక ఇదే వినడం.

జూన్ 10

చేయనని కబురు పంపేశాడు. ఈ పొద్దు కూర వండింది ఆయనే, కారం ఎక్కువైనా నేను ఒక్క మాట అనలేదు. నాకు షాపులో గేట్లకు పెయింటు వేసే పని ఉండింది.

జూన్ 17

బోరు పైపులు ట్రాక్టరులో పోయాయంట. కర్ణాటక వైపు ఎవడో పంపుసెట్ల మెకానిక్కు ఒప్పుకున్నాడంట. తుపాకీ అంటే ఏమిటో కూడా తెలియనివాడు.

"ఆ పైపు నీళ్ళకు చేసింది. నిప్పుకు కాదు" అన్నాడాయన. అంతే. మళ్ళీ గ్రైండరు.

జూన్ 24

ఓబులేసు, వాడి పెళ్ళాం నాగరత్న వచ్చి పోయారు. మరదలు కదా, చీర పెట్టాను. నాగరత్న సంతోషపడింది. పాపం, ఆ పిల్లకు ఏ సంగతీ తెలియనట్టుంది. మేమిద్దరం లోపల మాట్లాడుకుంటుంటే ఓబులేసు పెరట్లో మేకకు ఆకు వేస్తున్నానన్నాడు. చాలాసేపు వేశాడు.

జూన్ 25

మేకకు ఆకు కాదు.

పొద్దున పొయ్యికి చిదుగులు తీద్దామని కట్టెల కింద చెయ్యి పెడితే గోనెసంచి తగిలింది. లాగితే రాలేదు. విప్పాను. ఆరో ఏడో తుపాకులు. నల్లరంగు పూసిన బోరు పైపులు, మంచం కోళ్ళలాంటి కట్టె, వెల్డింగు అతుకులు చీమిడి కారినట్టు. నా ఇంట్లో. నా కట్టెల కింద. నేను పెట్టిన చీర ఒళ్ళో పెట్టుకుని వాడి పెళ్ళాం లోపల కూర్చుని ఉండగా. పోలీసులు శేషన్న తోట వెతికినా మా ఇల్లు వెతకరని కాబోలు.

ఆయన్ని పిలిచాను. చూసి తెల్లబోయాడు. ఒక్కొక్కటే తీసి ఖాళీవేనా అని చూశాడు. ఖాళీవే. "గమ్మున పాడుబాయిలో ఏసొద్దాం పద్మా" అన్నాడు.

"చాటుగా ఏస్తే మనం చేసినట్లే."

"స్టేషన్లో ఇద్దామా?"

ఇస్తే ఎవరు పెట్టారంటారు. ఓబులేసు పేరు చెప్పాలి. నా నోరు రాలేదు.

సంచి ఈడ్చుకుంటూ రోడ్డు మీదికి తెచ్చాను. పట్టపగలు. కళ్యాణదుర్గం బస్సు అప్పుడే ఆగింది. మాబు టీ గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. సంచి తిరగేసి కుమ్మరించాను. ఇనుము తారు రోడ్డు మీద పడ్డ చప్పుడుకు బంకు దగ్గరి వాళ్ళందరూ లేచారు.

"ఇవి ఎవురివో నాకు తెలీదు. నా ఇంట్లో పెట్టినారు. ఎవురివో వాళ్ళు ఇప్పుడే వచ్చి తీసుకపోవచ్చు" అని అరిచాను.

ఎవరు వస్తారు?

షాపులోంచి గ్యాస్ కట్టరు తెచ్చాను. ఆయన పక్కన పని చేసీ చేసీ నాకూ చెయ్యి కుదిరింది. మొదటి పైపు నేనే కోశాను. రెండోది పట్టుకునేసరికి ఆయన వచ్చి నా చేతిలోంచి కట్టరు తీసుకున్నాడు. ఆపడానికనుకున్నా.

"కండ్లకు అద్దాలు పెట్టుకో" అన్నాడు. మిగతావన్నీ ఆయనే కోశాడు.

బస్సు కదలలేదు. డ్రైవరు హారను కొట్టడం మరిచిపోయి కిటికీలోంచి చూస్తూ ఉండిపోయాడు.

జూన్ 26

ఓబులేసు. వాకిట్లోనే నిలబడి.

"నన్ను సంపితివి గదక్కా."

"సావకుండా చేస్తి."

"అన్న ముందర నా తల ఎట్లా ఎత్తుకోవల్ల?"

"ఎత్తుకోవద్దు. దించుకొనే నీ శేనికాడికి పో. అదును వస్తాండాది."

ఉమ్మేసి పోయాడు. నా గడప మీద కాదులే, పక్కన. అంత మర్యాద మిగిలింది.

జూన్ 29

గంగాద్రి వచ్చాడు, శేషన్న కుడిభుజం. బుల్లెట్ బండి దిగలేదు. ఇంజను ఆపలేదు. ఆ డుగుడుగులోనే మాట్లాడాడు.

"ఆడమనిషివని ఇడ్సిపెడ్తాండాం."

"ఇడ్సిపెట్టకు. దిగు, టీ తాగి పో."

మాబు నవ్వు ఆపుకోలేక గ్లాసులు కడగడం మొదలుపెట్టాడు.

సాయంత్రానికి షాపు కరెంటు వైరు తెగి వేలాడుతోంది. ఎవరు కోశారో మాబుకూ తెలీదు, మాకూ తెలీదు, ఎవరికీ తెలీదు. సరే.

జూన్ 30

సుత్తి, కొలిమి. మా మామ కాలంలో కరెంటు ఉండిందా? నేను తిత్తి ఊదుతున్నా. ఆయన నాగలి కర్రు సాగదీస్తున్నాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. బాగుంది.

జూలై 2

షాపు బోర్డు మీద "గేట్లు, గ్రిల్స్, మడకలు చేయబడును" అని ఉంది కదా. దాని కింద ఎర్ర పెయింటుతో నేనే రాశాను: "తుపాకులు చేయబడవు."

ఆయన చాలాసేపు చూశాడు. "అక్షరాలు వంకర పోయినాయి" అన్నాడు. చెరిపేయమని మాత్రం అనలేదు.

జూలై 8

వాన! ఒక్క పదును. శింగనమల నుంచి మా పిన్నమ్మ ఫోను - అక్కడ చినుకు కూడా లేదంట. ఇక్కడ అందరూ విత్తనాలకు ఉరుకుతున్నారు. లైన్‌మన్ కూడా వచ్చి వైరు కలిపి పోయాడు. ఎవరినీ ఏమీ అడగలేదు, ఎవరి పేరూ ఎత్తలేదు.

జూలై 11

ఓబులేసు చేను మొన్నటిదాకా బీడుగానే ఉండిందంట. నాగరత్న ఒక్కతే కూలి ఎద్దులతో విత్తనం వేయిస్తోందంట. వాడు శేషన్న తోటలో కాపలా.

జూలై 19

రాయాలి.

ఆ మెకానిక్కు మళ్ళీ చేసిచ్చాడు. కొత్తవి. పేలతాయో లేదో చూడమని ఓబులేసు చేతికిచ్చి ఊరి బయట ఎండిన వంకలోకి పంపారు. మొదటిదే. ముందుకు పేలలేదు. పైపు చీలిపోయింది. కుడి చెయ్యి... మణికట్టు దాకా. ముఖం ఒక పక్క కాలింది. వెంట పోయినవాళ్ళు పారిపోయారు. మేకల దగ్గరున్న ముసలాయన కేకలు వేస్తే ఎవరో ఆటోలో వేసుకుని అనంతపురం పోయారు.

ఆయన షాపు మూయకుండానే పరిగెత్తాడు. నేను తాళం వేసి వెనక బస్సుకు.

జూలై 22

ఆసుపత్రి. నాగరత్న గోడకు ఆనుకుని ఉంది, ఏడవడం కూడా మానేసింది. మంచం పక్కన గంగాద్రి. స్టూలు మీద కూర్చుని బత్తాయి ఒలుస్తున్నాడు.

డాక్టరమ్మ అడిగింది ఓబులేసును - ఎట్లా జరిగిందని. జవాబు గంగాద్రిది.

"మోటారు స్టార్టరు పేలిండాది మేడం."

ఆమె ఇతనివైపు చూడలేదు. ఓబులేసునే చూసింది. వాడు కళ్ళు మూసుకున్నాడు.

"శేషన్న యాడ?" అని అడిగాను గంగాద్రిని.

"ఎలక్షన్ పనులు. తీరిక ల్యా."

"వీని చేతికి కూడా ఇంక తీరికే కదప్పా."

బత్తాయి అక్కడే పెట్టి లేచిపోయాడు. ఆ బత్తాయి ఎవరూ తినలేదు.

జూలై 23

ఆయన రోజంతా ఓబులేసు ఎడమ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. చెప్పాను కదా అని ఒక్కసారి అనలేదు. నేనైతే అని ఉండేదాన్ని. నిజానికి అన్నాను కూడా. వాడు వినేంత మెలకువలో లేడు.

ఆగస్టు 6

ఏకగ్రీవం!

శేషన్న, నరసప్ప రాజీ. ఇన్నేళ్ళ పగ, పోయిన ప్రాణాలు, కాలిన గడ్డివాములు... అన్నీ ఒక ఇంట్లో కూర్చుని, కాఫీలు తాగి మరిచిపోయారు. సర్పంచి అటువాళ్ళకు, రోడ్డు పనులు ఇటువాళ్ళకు. రేపు శేషన్న తోటలో విందు, రెండు పక్కలకూ.

"మంచిదే కదా, కొట్లాట తప్పింది" అన్నాడు మాబు. మంచిదే. ఈ మంచి జూలైలో ఎందుకు రాలేదో నేను అడిగి వస్తా.

ఆగస్టు 7

పోయాను. వద్దని ఆయన అనలేదు. నా వెనకే సైకిలు తొక్కుకుంటూ వచ్చి గేటు దగ్గర నిలబడ్డాడు.

షామియానా. పొట్టేలు మాంసం వాసన. శేషన్న, నరసప్ప పక్కపక్క కుర్చీల్లో, మెడ నిండా చామంతి దండలు. ఒక్కొక్కరే పోయి దండ వేసి దణ్ణం పెట్టి వస్తున్నారు. నేనూ వరసలో నిలబడ్డా. నా వంతు వచ్చింది. చేతిలో దండ లేదని శేషన్న చూశాడు.

"మా ఓబులేసు కూడా దండ ఎయ్యాలన్నా మీకు. ఏ చేత్తో ఎయ్యమంటారు?"

బంతుల్లో వడ్డించేవాళ్ళు కూడా ఆగిపోయారు. నరసప్ప తల పక్కకు తిప్పుకున్నాడు. శేషన్న ముఖం చూశాను. కోపం కనిపిస్తుందనుకున్నా. లేదు. అలసట. ఓడిపోయినవాడి ముఖం అది, ఎన్ని దండలున్నా.

"అన్నం తిని పోమ్మా" అన్నాడు.

"తినేకి రాలేదు."

వెనక్కి తిరిగి నడిచాను. ఎవరూ అడ్డం రాలేదు. గేటు దగ్గర ఆయన సైకిలు స్టాండు తీశాడు. దారి పొడవునా ఇద్దరం నడుస్తూనే వచ్చాం. సైకిలు మధ్యలో.

ఆగస్టు 13

ఆయన్ని తీసుకుపోయారు.

కొత్త ఎస్సై. మర్యాదగానే మాట్లాడాడు. పాత ఇనుము కుప్పలోంచి మేము కోసిన ముక్కలు ఏరించాడు. "ఇవి నేను కోసినవి. ఊరంతా చూసింది" అన్నాను. "కోసింది చూసినారమ్మా. చేసింది ఎవురన్నది కదా లెక్క" అన్నాడు.

స్టార్టరు మాట డాక్టరమ్మ నమ్మలేదంట. తుపాకీ చేసింది మా బావ అని ఓబులేసు చెప్పాడంట. ఆసుపత్రిలోనే. ఎడమచేతి వేలిముద్ర వేశాడంట. వాడు సాక్షి. ఈయన ముద్దాయి.

మిలిటరీలో తుపాకులు బాగుచేసినవాడు, షాపులో తుపాకీ ముక్కలు, సొంత బామ్మర్ది మాట. ఇంకేం కావాలి?

ఆయన చొక్కా మార్చుకుంటూ, "మెషీను స్విచ్చి ఆపు" అన్నాడు. అంతే.

ఆగస్టు 14

నాగరత్నను అడిగాను. "గంగాద్రి రాపిచ్చినాడు వదినా. ఈయప్ప పలకలా. వేలు మాత్రం పట్టుకొని ఒత్తినారు" అంటుంది. పట్టుకుని ఒత్తితే వేలిముద్ర పడుతుంది. తర్వాత నోరు తెరిచి కాదనొచ్చు కదా. ఇప్పటికీ తెరవలేదు.

సెప్టెంబరు 2

బెయిలు. ఇంటికి వచ్చాడు. గడ్డం మాసింది. స్నానం చేసి నేరుగా షాపులోకి పోయాడు. బోర్డు కింద నిలబడి నేను రాసింది చదివాడు, కొత్తగా చూస్తున్నట్టు.

శిక్ష పడితే పెన్షను పోతుందంటున్నాడు వకీలు. ఆయన దాని గురించి మాట్లాడడు. "మేం బాగుచేసిన రైఫిళ్ళు ఒక్కటీ వెనక్కి పేలలా" అన్నాడు అన్నం తింటూ. ఆ మాట ఎవరికి చెప్పాడో.

నవంబరు 18

వేరుశెనగ చెట్లు పీకితే కాయలు లేవు. కాయ కట్టని ఊడలు మాత్రమే. గొర్రెలకు వదిలేస్తున్నారు.

మార్చి 9, 2002

శేషన్న ఓబులేసుకు పని ఇచ్చాడు. క్రషరు దగ్గర వాచ్‌మన్. ఒక చేత్తో ఏం కాస్తాడో. కాసేది రాళ్ళను కాదు, వాడి నోటిని. నాగరత్న చెప్పింది: "కోర్టులో మాట మారిస్తే ఆ పని ఉండదంట వదినా."

పిల్ల భయం పిల్లది. తిట్టలేకపోయాను.

జూలై 30, 2002

వాన లేదు. వాయిదా. మళ్ళీ వాయిదా.

అక్టోబరు 11, 2002

సంతలో ఓబులేసు ఎదురయ్యాడు. చొక్కా కుడి చెయ్యి మడిచి పిన్నీసు పెట్టారు. నన్ను చూసి ఉల్లిగడ్డల కుప్ప వైపు తిరిగాడు. నేనూ అదే కుప్ప దగ్గరికి పోయి నిలబడ్డా. ఇద్దరం ఉల్లిగడ్డలు ఏరుకున్నాం. వాడు ఎడమ చేత్తో సంచి మూతి పట్టుకోలేక తడబడితే నేను పట్టుకున్నా.

"బావ బాగుండాడా?"

"పోయి చూడు."

పోలేదు.

ఫిబ్రవరి 16, 2003

సాక్షి విచారణ తేదీ పడింది. ఓబులేసును బోనెక్కిస్తారు. వాడు అవునంటే అవును.

వకీలు చెప్పాడు: "మీ తమ్మునితో ఒక మాట మాట్లాడండమ్మా, ఇంటి మనిషే కదా." ఈయన వద్దన్నాడు. గట్టిగా. ఆ ఏడాది జూన్లో తుపాకులు చేయనన్న గొంతుతోనే. "వాన్ని ఎవురూ అడగొద్దు. ఇప్పటికే శానామంది వాని చేత చెప్పిచ్చినారు."

ఫిబ్రవరి 23

నేను అడగలేదు. వాడే వచ్చాడు.

ఆయన లేని వేళ చూసుకుని వచ్చాడు. పెరటి అరుగు మీద కూర్చున్నాడు. కాలిన పక్క అటు తిప్పుకుని.

"ఏం చెప్పమంటావక్కా?"

"నన్ను అడగొద్దు."

"జరిగింది చెప్తే నాకేం మిగుల్తాది?"

నాకు తెలిసిన జవాబులన్నీ గొంతు దాకా వచ్చాయి. నీ బావ మిగులుతాడు, నీ అక్క మిగులుతుంది... మింగేశాను. నిజం చెప్తే వాడికి పని పోతుంది. గంగాద్రి ఊరుకోడు. తుపాకీ పేల్చినందుకు వాడి మీదికే కేసు తిరగొచ్చు. ఇవేవీ అబద్ధాలు కావు.

"ఆ పొద్దు వంకలోకి నన్నే ఎందుకు పంపిచ్చినారో తెలుసా అక్కా? మిగతావోళ్ళందరికీ భయం. నాకు ల్యా. బావ చెప్పినాడు కదా వెనక్కి పేల్తాదని. అయినా పట్టుకొంటి. అన్న నా పక్క చూసి నవ్వినాడు... అందుకు."

ఇంత పెద్దవాడు. నవ్వినాడంట.

సంగటి పెట్టాను. ఎడమ చేత్తో ముద్ద చేసుకోవడం నేర్చుకున్నాడు. నేను సాయం చేయబోలేదు. తిని, చెంబు బోర్లించి, పోయాడు. ఏం చెప్తాడో చెప్పలేదు.

ఫిబ్రవరి 24

ఆయనకు చెప్పాను, వచ్చాడని. "తిన్నాడా?" అన్నాడు.

ఫిబ్రవరి 26

కోర్టు రేపే. తెల్ల చొక్కా ఉతికి ఆరేశాను. ఆయన మధ్యాహ్నం దాకా పని చేసి, ఉన్నట్టుండి మాబు దగ్గరికి పోయి అందరికీ టీ ఇప్పించాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

ఓడిపోతే ఓడిపోతాం. తలుపుకు తాళం వేసుకుని కూర్చోను. ఆయన లోపలుంటే షాపు నేను నడుపుతా. వెల్డింగు వచ్చు, కట్టింగు వచ్చు, కొలతలు వచ్చు. శేషన్న ఇంటి గేటే రిపేరుకు వస్తే కూడా చేస్తా. గేటు గేటే.

ఫిబ్రవరి 27

బస్సులో రాస్తున్నా. అక్షరాలు వంకరగా వస్తే ఇంజను వణుకు, నాది కాదు.

ఆయన ముందు సీటులో, వకీలు ఇచ్చిన సంచి ఒళ్ళో పెట్టుకుని. నేను వెనక. కిటికీలోంచి కనిపిస్తోంది. ఓబులేసు వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. తలకు నూనె, చొక్కా గుండీలు మెడ దాకా. నాగరత్న పెట్టినట్టుంది. వాడికి ఇటు పక్క బస్సు తలుపు. అటు పక్క గంగాద్రి బుల్లెట్, ఇంజను ఆపకుండా. గంగాద్రి వెనక సీటు తట్టి ఏదో అంటున్నాడు. "మేమే తోడ్కపోతాం రా" అనే అయ్యుంటుంది.

ఓబులేసు అటు చూడటం లేదు. ఇటూ చూడటం లేదు. నేల చూస్తున్నాడు.

పిలిస్తే వస్తాడు. అక్క పిలిస్తే చిన్నప్పుడు చెట్టు మీది నుంచైనా దిగేవాడు. పిలవను. వాడి బతుకంతా ఎవరో ఒకరు పిలిస్తేనే పోయాడు.

ఆయన వెనక్కి తిరిగి చూశాడు. నా ముఖం చూసి మళ్ళీ ముందుకు తిరిగాడు. ఆయనా పిలవలేదు.

కండక్టరు తలుపు దగ్గర విజిలు నోట్లో పెట్టుకున్నాడు. బస్సు నిండిపోతోంది. నా పక్క సీట్లో టవలు పరిచాను. గంపతో ఒక ముసలమ్మ వచ్చి ఆ టవలు చూసి అడిగింది:

"ఈడ ఎవురన్నా ఉండారామ్మా?"

"ఉండారు" అన్నాను.